పడకముందే లేవడం

వల్పరయిసో కొండ మీది ఇళ్ళకు
గ్యాస్ బండ భుజాన్నెత్తుకునే ఎక్కాలి.
నూట అరవై రెండు మెట్లు.
ఇనప తాళ్ళ కొండబండి ఆగిపోయి నాలుగేళ్ళు.
దాని తలుపుకి నగరసభ వాళ్ళు అంటించిన కాగితం
ఎండకి వెలిసి ఒక్క మాటే మిగిలింది:
త్వరలో.

ఆ పొద్దున తలుపు ఓరగా తీసుంది.
దోన్యా ఎదువీహెస్ నేలమీద వెల్లకిలా.
బండ దించేసి ఒక్క ఉదుటున లోపలికెళ్ళాను.
"ముట్టుకోకు నిబాల్దో, లెక్క తప్పుతుంది."

పక్కకి దొర్లింది.
మోచెయ్యి. మోకాలు.
కుర్చీ అంచు మీద అరచెయ్యి.
లేచి నిలబడి, జుట్టు సర్దుకుని,
"ముప్పై నాలుగు. నిన్న ముప్పై ఆరు పట్టింది.
పడడం ఎవరైనా పడతారు నాయనా,
లేవడమే నేర్చుకోవాలి,
అదీ పడకముందే" అంది.

డెబ్బై ఎనిమిదేళ్ళు.
ఓడల జెండాలు కుట్టిన వేళ్ళు,
ఇప్పటికీ సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తాయి.
కెటిల్ మరిగేదాకా కొంగలా ఒంటికాలి మీద నిలబడుతుంది.
ఉప్పు డబ్బా పక్కింట్లో దాచింది:
కావాలంటే అడగాలి, అడగాలంటే సిగ్గు,
ఆ సిగ్గు సగం మందు, అంటుంది.
అమ్మ నేసిన తివాచీ అంచు కాలికి తగులుతోందని
తీసి గోడకి కొట్టింది.
అరవై ఏళ్ళు తొక్కాను కానీ
దాని మధ్యలో పిట్ట ఉందని
ఇప్పుడే చూశానంది.

ఏప్రిల్లో, వానలింకా మొదలవకముందు,
కింద చెప్పులు కుట్టే దుకాణం వెనక
రెండు గదులు మాట్లాడుకుంది.
వాకిట్లో ఒకటే మెట్టు.
"నిక్షేపంలా ఉన్నారుగా, ఇప్పుడెందుకు?" అన్నాను.
"ఉన్నాను గనకే.
ఇవాళైతే నా కుర్చీ ఎక్కడ వెయ్యాలో నేను చెబుతాను.
ఆలస్యమైతే ఎవరో చెబుతారు,
కుర్చీకీ, నాకూ."

నేనూ, మా తమ్ముడి కొడుకూ మోశాం.
మంచం, కుట్టుమిషను, గోడమీది పిట్ట.
కిటికీలోని సముద్రం మాత్రం
ఏ పెట్టెలోనూ పట్టలేదు.
ఆమె కాసేపు అక్కడే నిలబడింది. తొందరపెట్టలేదు.
దిగుతూ మెట్లు పైకే లెక్కపెట్టింది.
తొంభై దగ్గర గొంతు ఆగింది.
తర్వాతి అంకె నాకు తెలుసు.
నేను అందించలేదు.

కొత్త ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక కాగితం.
ఏ మాత్ర ఎప్పుడు.
అంతోఫగాస్తాలో చెల్లెలి కూతురి నంబరు.
మిషను, మలుపింటి పిల్ల యెసేనియాకి.
మాట పడిపోతే నా బదులు మాట్లాడేది ఫలానా,
యంత్రాల మీద రోజులు పొడిగించొద్దు,
డాక్టరుతో చెప్పే రాశాను.
అన్నిటికన్నా కింద, వేరే సిరాతో:
రెండో తాళంచెవి, నిబాల్దో దగ్గర.

"నన్నడగలేదే!"
"అడుగుతున్నానుగా" అని
చెవి నా అరచేతిలో పెట్టి
వేళ్ళు తనే మూసింది.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమని
ఎవరు చెప్పినా తలూపేవాణ్ణే.
నాకు యాభై తొమ్మిది.
వందో మెట్టు దగ్గర ఎడమ మోకాలు మాట్లాడుతుంది.
రక్తపరీక్ష చీటీ పర్సులో ఎనిమిది నెలలుగా
మడతల దగ్గర చిరిగిపోతోంది.
దాని మీద ఏ మాట మిగిలిందో
విప్పి చూడకుండానే చెప్పగలను.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక
వంటగది నేలమీద వెల్లకిలా పడుకున్నాను.
బల్ల కింద ఎప్పటిదో సీసా మూత,
ఎండిన రొట్టె ముక్క.
దొర్లాను. మోచెయ్యి. మోకాలు.
బల్లకాలు పట్టుకుంటే గిన్నెలు గలగలలాడాయి.
అరవై ఎనిమిది, అరవై తొమ్మిది...

లైటు వెలిగింది. గుమ్మంలో మా ఆవిడ.
"అర్ధరాత్రి ఏం వెతుకుతున్నావ్? ఏం పోయింది?"

సగం లేచి ఉన్నాను,
ఒక మోకాలు ఇంకా నేలమీదే.

"ఇంకా ఏమీ పోలేదు" అన్నాను.